కండ దెబ్బతిందా? సీపీకే, ఎస్‌జీఓటీ, ఎల్‌డీహెచ్‌లలో ఏ పశువుకు ఏది, ఎప్పుడు

లేవలేక పడున్న గేదె, పరుగు తర్వాత బిగుసుకుపోయిన గుర్రం, నీరసించి మూలకు చేరిన కుక్క. ఎవరి రక్తం పంపినా ల్యాబ్ ఫారంలో వరస ఒకటే: సీపీకే, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ఎల్‌డీహెచ్. కణాలు దెబ్బతింటే రక్తంలోకి కారే ఎంజైములు ఇవి. అన్నిటికీ టిక్కు పెట్టి పంపితే నాలుగు అంకెలు వస్తాయి, నాలుగూ నాలుగు దిక్కులకు లాగుతాయి. మా సలహా ముందే చెప్పేస్తాం. మొదట సీపీకే. పశువు పెద్దదైతే దానికి ఎస్‌జీఓటీ జోడించండి. ఇంకా డబ్బు మిగిలితే మూడో ఎంజైమ్ మీద పెట్టకండి. ఒక రోజు ఆగి అవే పరీక్షలకు రెండో శాంపిల్ తీయండి. ఎంజైమ్ పరీక్షలో జబ్బు పేరు దొరకదు. కండ ఎప్పుడు చచ్చింది, ఇంకా చస్తోందా అన్నది దొరుకుతుంది. అది తేలాలంటే కాలంలో రెండు చోట్ల అంకె కావాలి.

పేర్ల సంగతి ఒక్క మాటలో: సీపీకే, సీకే ఒకటే. ఎస్‌జీఓటీని కొత్త రిపోర్టుల్లో ఏఎస్‌టీ అని, ఎస్‌జీపీటీని ఏఎల్‌టీ అని రాస్తున్నారు. అంకెలన్నీ లీటరుకు యూనిట్లలో ఉంటాయి.

సీపీకే: నమ్మకమైనదే, కానీ చాలా అలజడి మనిషి

సీపీకే కండ కణం లోపలి ద్రవంలో ఉంటుంది. గుండెలోనూ మెదడులోనూ ఉన్నా, రక్తంలో కనిపించేది దాదాపుగా ఒంటి కండల నుంచి వచ్చిందే. కాలేయంలో లేనట్టే లెక్క. కండ విషయంలో ఇంత సూటిగా మాట్లాడే పరీక్ష మరొకటి చవకలో దొరకదు.

కణం పొర చిరిగిన కొద్ది గంటల్లోనే ఇది పెరుగుతుంది. 4 నుంచి 12 గంటల మధ్య శిఖరానికి చేరుతుంది. దిగడమూ అంతే తొందర. గుర్రంలోనూ కుక్కలోనూ దీని అర్ధాయువు, అంటే రక్తంలో ఉన్నది సగానికి తగ్గే సమయం, సుమారు 2 నుంచి 3 గంటలు. ఆవుల్లో, గేదెల్లో కొంచెం ఎక్కువైనా అదీ గంటల్లోనే. దెబ్బ అక్కడితో ఆగిపోతే రెండు మూడు రోజుల్లో మామూలు అంకెకు వచ్చేస్తుంది.

చిక్కు దాని చురుకుదనంలోనే ఉంది. ఒక గుర్రంలో సుమారు 20 గ్రాముల కండ చస్తే చాలు, సీపీకే మూడు నుంచి ఐదు రెట్లు కావచ్చని అంచనా. అంత చిన్న నష్టం తొడలో ఇచ్చిన ఒక మంట పుట్టించే సూది మందుతోనూ కలుగుతుంది. ఆక్సీటెట్రాసైక్లిన్ లాంటివి కండలోకి ఇచ్చాక ఆ రోజు తీసిన సీపీకేకు పెద్ద అర్థం ఉండదు. లారీలో గంటల తరబడి నిలబడి వచ్చిన ఎద్దు, నలుగురు పట్టుకుంటే పెనుగులాడిన పిల్లి, అప్పుడే మూర్ఛ వచ్చిపోయిన కుక్క, అందరిలోనూ ఇది పెరుగుతుంది. రోజుల తరబడి తిండి మానేసిన పిల్లిలో కూడా, వేరే కండ జబ్బేదీ లేకుండానే, పెరుగుతుంది. కుక్కపిల్లల్లో పెద్ద కుక్కలకన్నా సహజంగానే ఎక్కువ.

కాబట్టి మామూలు పైహద్దుకు రెండు మూడు రెట్లు ఉన్న సీపీకేని చూసి కండ జబ్బు అని రాసేయకండి. పది రెట్లు దాటితే పట్టించుకోవాలి. వేలల్లోనో పదివేలల్లోనో ఉంటే కండ పెద్దఎత్తున విరుగుతోందని తీసుకోవచ్చు. మరోవైపు, మామూలు అంకె వచ్చినంత మాత్రాన కండ బాగుందని కాదు. దవడ కండల వాపు ముదిరి, కండ పోయి నార మిగిలిన కుక్కలో విరగడానికి కండే ఉండదు, సీపీకే శుభ్రంగా వస్తుంది. అక్కడ 2ఎం యాంటీబాడీ (దవడ కండ మీద దాడి చేసే యాంటీబాడీ) పరీక్షో, బయాప్సీయో అడగాలి. ఎంజైములు పదిసార్లు చేయించినా లాభం లేదు.

ఎస్‌జీఓటీ: నిదానం, జ్ఞాపకం ఎక్కువ

ఇది కండలోనూ ఉంది, కాలేయంలోనూ ఉంది, ఎర్రరక్తకణాల్లోనూ ఉంది. ఒంటరిగా చూస్తే ఎటూ తేల్చదు. కానీ నెమ్మదిగా ఎక్కి, నెమ్మదిగా దిగుతుంది. శిఖరం 24 నుంచి 48 గంటల దగ్గర. గుర్రంలో అర్ధాయువు 7, 8 రోజులు. అంటే పది రోజుల కిందటి దెబ్బ కూడా అందులో కనిపిస్తుంది, సీపీకేలో ఆ ఊసే ఉండదు.

ఈ సుగుణం పెద్ద పశువులకే పరిమితం. కుక్కలో ఎస్‌జీఓటీ అర్ధాయువు ఒక రోజులోపే. పిల్లిలో సుమారు గంటన్నర. పిల్లికి ఎస్‌జీఓటీ అడిగి పాత గాయం వెతకడం వృథా ఖర్చు. గుర్రానికి రాసిన పాఠాన్ని పిల్లికి వర్తింపజేయడమే ఈ పరీక్షల్లో జరిగే పొరపాట్లలో ఒకటి.

పెద్ద పశువులో రెండూ కలిపి చదివే తీరు ఇది. సీపీకే ఎక్కువై ఎస్‌జీఓటీ మామూలుగా ఉంటే దెబ్బ తాజాది, గంటల నాటిది. లేదా అసలు పెద్ద దెబ్బే కాదు. రెండూ ఎక్కువైతే ఒకటి రెండు రోజుల కిందట మొదలై ఇంకా నడుస్తున్నట్టు. సీపీకే దిగిపోయి ఎస్‌జీఓటీ మాత్రమే ఎక్కువుంటే రెండు దారులు: కండ దెబ్బ ఆగిపోయి రోజులైంది, లేదా కాలేయం. ఇక్కడే మూడో పరీక్షకు న్యాయమైన చోటుంది. జీజీటీ అనే కాలేయ ఎంజైమ్ కండ నుంచి రాదు. అది కూడా పెరిగితే కాలేయం వైపు, పిత్తనాళాల వైపు చూడండి; పశువుల్లో కాలేయపు జలగలు గుర్తుకు రావాలి. జీఎల్‌డీహెచ్ చేసే ల్యాబ్ అందుబాటులో ఉంటే కాలేయ కణాల సంగతికి అది ఇంకా మేలు.

రెండో శాంపిల్ ఎందుకంటే, లెక్క చూడండి. ఉదయం 10 గంటలకు గుర్రం సీపీకే 8,000. దెబ్బ ఆగిపోయి ఉంటే, అర్ధాయువు 2 గంటల చొప్పున రాత్రి 10 గంటలకు ఆరు సగాలు తగ్గి 125కి చేరాలి. అది కాగితం మీది లెక్క. నిజంలో ఎంజైమ్ కండ నుంచి శోషరసం ద్వారా మెల్లగా వస్తూనే ఉంటుంది గనక అంత చకచకా దిగదు. అయినా మర్నాడు ఉదయానికి బాగా పడిపోవాలి. 24 గంటల తర్వాత కూడా 6,000 దగ్గరే నిలిస్తే లోపల కండ ఇంకా విరుగుతోంది. ఆ ఒక్క సంగతి చెప్పడానికి ఎల్‌డీహెచ్, ఆల్డొలేజ్ (కండలో ఉండే మరో ఎంజైమ్) రెండూ కలిపినా సరిపోవు.

ఎల్‌డీహెచ్, ఆల్డొలేజ్: వదిలేయొచ్చు

ఎల్‌డీహెచ్ ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంది. ఎర్రరక్తకణాల్లో దండిగా ఉంది కాబట్టి శాంపిల్ కొంచెం ఎర్రబడినా అంకె లేచిపోతుంది. దాని ఐదు రకాలను విడగొట్టి చూస్తే ఉపయోగమే గానీ, కండలో ఎక్కువుండే ఐదో రకమే ఫ్రిజ్ చల్లదనానికి ముందు చెడుతుంది. ప్యాకేజీలో ఊరికే వస్తే చూడండి, డబ్బు పెట్టి అడగకండి. ఆల్డొలేజ్ సీపీకే చెప్పనిదేమీ కొత్తగా చెప్పదు.

కుక్కలో ఎస్‌జీపీటీ: లివర్ టానిక్ రాసే ముందు

ఎస్‌జీపీటీ పెరిగిందంటే కాలేయమే అనుకోవడం కుక్కలో చాలాసార్లు నిజమే. కానీ కండ భారీగా విరిగితే కుక్కలోనూ ఎస్‌జీపీటీ పెరుగుతుంది. గోల్డెన్ రిట్రీవర్ మగపిల్లల్లో వచ్చే కండర క్షీణత జబ్బు దీనికి మంచి ఉదాహరణ. సీపీకే పదివేలల్లో ఉంటుంది, దానితోపాటు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ ఎక్కువ. సీపీకే అడగని చోట ఆ పిల్ల నెలల తరబడి లివర్ టానిక్ తాగుతూ ఉంటుంది.

గుర్తు ఏమిటంటే, కాలేయం దెబ్బతిన్న కుక్కలో సాధారణంగా ఎస్‌జీపీటీదే పైచేయి. కండ దెబ్బలో ఎస్‌జీఓటీ దాన్ని మించుతుంది. ఎస్‌జీఓటీ పైన ఉండి, కామెర్లు లేకుండా, కుక్క నడక తేడాగా ఉంటే అల్ట్రాసౌండ్‌కు పంపే ముందు సీపీకే చేయించండి. అల్ట్రాసౌండ్ కన్నా అది చవక. పైగా కుక్కలో ఎస్‌జీపీటీ అర్ధాయువు 2 నుంచి 3 రోజులు కాబట్టి, వడదెబ్బ తగిలిన కుక్కకు నాలుగో రోజున సీపీకే దిగిపోయి ఎస్‌జీపీటీ మాత్రం ఇంకా పైనే ఉండొచ్చు. గుర్రంలో, ఆవులో కాలేయంలో ఈ ఎంజైమ్ తక్కువ. వాటికి కాలేయ పరీక్షగా ఎస్‌జీపీటీ అడగడంలో అర్థం లేదు.

శాంపిల్ దగ్గర చెడేవి

చాలా తప్పుడు అంకెలు సిరంజి దగ్గరే పుడతాయి. సిర దొరక్క నాలుగుసార్లు పొడిస్తే సూది మొన కండ రసాన్ని కూడా తీసుకొస్తుంది, సీపీకే పెరిగి కూర్చుంటుంది. ఒకే పోటుతో మెడ సిర నుంచి తీయండి. దొరక్కపోతే రెండో వైపుకు మారి, సూది కూడా మార్చండి. సూది మందులన్నీ శాంపిల్ తీశాకే. ముందే ఇచ్చేసి ఉంటే ఏ మందు, ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది ఫారం మీద రాయండి.

గొట్టం విషయంలో ఎర్ర మూతది గానీ, హెపారిన్ ఉన్న పచ్చ మూతది గానీ వాడాలి. ఊదా మూత గొట్టంలోని ఈడీటీఏ మెగ్నీషియాన్ని పట్టేస్తుంది, అది లేకుండా సీపీకే పనిచేయదు; అంకె తప్పుగా తక్కువ వస్తుంది. రక్తగణన కోసం ఊదా గొట్టం నింపి, మిగిలింది ఎర్ర గొట్టంలో పోసినా ఇదే ముప్పు. నీలం, బూడిద మూతలు కూడా వద్దు.

అరగంట గడ్డకట్టనిచ్చి, గంటలోపు సీరం వేరుచేసి, చిన్న గొట్టంలోకి మార్చి ఐస్ డబ్బాలో పెట్టండి. ఎండలో బైక్ డిక్కీలో మధ్యాహ్నమంతా తిరిగిన గొట్టంతో ఏ పరీక్షా చేయించకండి. వేడి, వెలుతురు రెండూ సీపీకేను చంపుతాయి.

రక్తకణాలు పగిలితే? ఎర్రరక్తకణాల్లో సీపీకే లేదు. కానీ వాటిలోని అడినిలేట్ కైనేజ్ అనే మరో ఎంజైమ్, సీపీకే పరీక్షలో పుట్టాల్సిన ఏటీపీ అనే పదార్థాన్ని తానూ పుట్టించి సీపీకేను ఎక్కువ చూపిస్తుంది. రీజెంట్లలో దాన్ని అణిచే పదార్థాలు కలుపుతారు గానీ, సీరం బాగా ఎర్రగా ఉంటే అవి చాలవు. సన్నసూదితో గట్టిగా లాగడం, సూది తీయకుండా సిరంజి నుంచి గొట్టంలోకి చిమ్మడం, ఈ రెండూ మానితే చాలావరకు తప్పుతుంది.

ఈనిన గేదె లేవకపోతే

ఇక్కడ పరీక్ష అడిగే ముందు చేయాల్సింది కాల్షియం సంగతి చూడడం. పాల జ్వరం అనుమానం ఉంటే సీసా ఎక్కించే ముందే రక్తం తీసి పెట్టుకోండి. ఎక్కించాక తీసిన కాల్షియం అంకె దేనికీ పనికిరాదు. అదే సీరంలో సీపీకే, ఎస్‌జీఓటీ, ఫాస్ఫరస్ కూడా చేయించొచ్చు.

బరువైన పశువు గట్టి నేల మీద ఒకే పక్కన పడుకుంటే కింది తొడ కండలకు రక్తం అందదు. ఆరు గంటల్లోనే నష్టం మొదలవుతుంది. పడిపోవడానికి కారణం కాల్షియమే అయినా, లేవకపోవడానికి కారణం ఈ కండ నష్టం అయి కూర్చుంటుంది. అందుకే అంకెను ఎన్నో రోజున తీశారో దాన్నిబట్టి చదవాలి. మొదటి రోజు 5,000 అంటే పడ్డ దెబ్బ, ఒత్తిడి, ఈత కష్టం అన్నీ కలిపి వచ్చి ఉండొచ్చు, కంగారక్కర్లేదు. నాలుగో రోజు అదే 5,000 వస్తే సంగతి వేరు. మొదటి రోజు సీపీకే ఎప్పుడో కరిగిపోయింది, ఇప్పుడున్నది నిన్నా ఇవాళా చచ్చిన కండది. పశువును సరిగ్గా తిప్పడం లేదు, లేదా కింద పరుపు చాలడం లేదు. అడుగు మందాన ఇసుకో గడ్డో వేసి, 3, 4 గంటలకోసారి పక్క మార్చి, మర్నాడు మళ్లీ సీపీకే చూడండి. దిగితే సరైన దారిలో ఉన్నట్టే.

ఎస్‌జీఓటీ రోజురోజుకూ ఎక్కుతూ పోవడం చెడ్డ గుర్తు. కాకపోతే ఈనిన కొత్తలో కాలేయానికి కొవ్వు పట్టినా అది పెరుగుతుందని మరవొద్దు. పశువు ఆశ వదులుకోవాలా వద్దా అనే నిర్ణయాన్ని ఏ ఒక్క అంకె మీదా పెట్టకండి. మేత తింటోందా, బోర్లా సరిగ్గా కూర్చుంటోందా, లేవాలని ప్రయత్నిస్తోందా అన్నవి సీపీకే కన్నా ఎక్కువ చెబుతాయి.

గొర్రెపిల్లలు, మేకపిల్లలు బిగుసుకుని నడుస్తుంటే సీపీకేతో పాటు సెలీనియం, విటమిన్ ఇ లోపం గుర్తుంచుకోండి. సీపీకే వేలల్లో వస్తే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ (సెలీనియం తక్కువైతే తగ్గే ఎంజైమ్) పరీక్ష అడగొచ్చు. అది ఎర్రరక్తకణాల్లో ఉంటుంది గనక సీరం కాదు, గడ్డకట్టని రక్తం పంపాలి. జబ్బవాపు అనుమానం ఉంటే మాత్రం ల్యాబ్ కోసం ఆగకండి. చేతికి చిటచిటలాడే వాపు, జ్వరం ఉన్న దూడకు పెన్సిలిన్ పడాలి. రిపోర్టు వచ్చేసరికి దూడ ఉండదు.

మూత్రం కాఫీ రంగులో వస్తే

మన దగ్గర ఎర్రమూత్రం అనగానే గేదెలో ఫాస్ఫరస్ లోపం, ఆవులో బబీసియా (పిడుదులు అంటించే రక్త పరాన్నజీవి) గుర్తొస్తాయి. రెండింటిలోనూ వచ్చేది హిమోగ్లోబిన్. కండ విరిగితే వచ్చేది మయోగ్లోబిన్, కండలోని ఎర్ర రంగు పదార్థం. మూత్రం పట్టీ రెండింటికీ ఒకేలా రంగు మారుతుంది, దాన్నిబట్టి తేల్చలేరు.

తేల్చే దారి ఉచితం. గడ్డకట్టని రక్తం గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పించి పైన తేలే ప్లాస్మా చూడండి. గులాబీ రంగులో ఉంటే హిమోగ్లోబిన్. మూత్రం ముదురుగా ఉండి ప్లాస్మా తేటగా ఉంటే మయోగ్లోబిన్, ఎందుకంటే అది చిన్న అణువు, రక్తంలో నిలవకుండా మూత్రపిండాల గుండా జారిపోతుంది. 5 మి.లీ. మూత్రంలో 2.8 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ కరిగించి వడగట్టే పాత పద్ధతి కూడా ఉంది: హిమోగ్లోబిన్ అడుగుకు దిగుతుంది, పైనీరు రంగుగానే మిగిలితే మయోగ్లోబిన్. అది ప్రతిసారీ నిక్కచ్చిగా రాదు. ప్లాస్మా రంగు, సీపీకే రెండూ కలిపి చూడటమే మేలు.

మేతలో, చేనుగట్టున కసివింద కాయలు తిన్న పశువుల్లో కండా కాలేయమూ రెండూ దెబ్బతింటాయి. అక్కడ ఎస్‌జీఓటీ పెరగడం ఎవరి ఖాతాలో వేయాలో తెలియదు. సీపీకే, జీజీటీ రెండూ అడగాల్సిన అరుదైన సందర్భం అది.

మయోగ్లోబిన్ తేలాక ఎంజైములు పక్కన పెట్టి క్రియాటినిన్, పొటాషియం చేయించండి. ప్రాణం తీసేది మూత్రపిండాలు మూతపడటం. ఒంట్లో నీరు సర్దకుండా ఫ్లూనిక్సిన్, మెలాక్సికామ్ లాంటి నొప్పి మందులు ఇస్తే అదింకా తొందరగా జరుగుతుంది.

గుర్రంలో వ్యాయామ పరీక్ష

పందెపు గుర్రం, పెళ్లి ఊరేగింపు గుర్రం, ఏదైనా సరే, విశ్రాంతి తర్వాత పనిలో పెట్టగానే చెమటలు పట్టి నడుము బిగుసుకుంటే సీపీకే, ఎస్‌జీఓటీ రెండూ ఆ రోజే తీయాలి. అయితే పైకి ఏమీ కనబడకుండా పని తగ్గిన గుర్రానికి విశ్రాంతిలో తీసిన సీపీకే మామూలుగానే వస్తుంది. దానికి ముందొక శాంపిల్ తీసి, 15 నిమిషాలు తేలిక దౌడు తిప్పి, 4 నుంచి 6 గంటల తర్వాత రెండోది తీయండి. తిప్పిన వెంటనే తీస్తే ఏమీ కనిపించదు. మొదటి అంకెకు మూడు రెట్లు దాటితే ఆ తేలిక పనికే కండ తట్టుకోవడం లేదన్నమాట. దూరపు పందెం పరిగెత్తిన గుర్రంలో మాత్రం కొన్ని వేలు కూడా జబ్బు కాకపోవచ్చు. బిగుసుకోకుండా, మూత్రం తేటగా ఉంటే మర్నాడు దిగుతుందేమో చూస్తే సరి.

గుండె అనుమానమైతే

ఇక్కడ సీపీకే వద్దు, సీకే-ఎంబీ (మనుషుల్లో గుండె కోసం చూసే సీకే రకం) అసలే వద్దు. ఎంబీ పరీక్షలో వాడే యాంటీబాడీ మనిషి ఎంజైమ్‌కు తయారైంది, జంతువుల ఎంజైమ్‌ను అది పూర్తిగా ఆపలేదు, వచ్చే అంకెకు విలువ లేదు. కార్డియాక్ ట్రోపోనిన్ ఐ అడగండి. గుండె కండలోని ఈ ప్రోటీన్ క్షీరదాల్లో చాలావరకు ఒకేలా ఉంటుంది, మనిషి కిట్లలో చాలావాటితో కొలవొచ్చు. గాలికుంటు వచ్చి హఠాత్తుగా చనిపోతున్న మందలో మిగిలిన దూడలకు, వైరు మింగి గుండె చుట్టూ చీము పట్టిన ఆవుకు, కోళ్ల దాణా తిన్న గుర్రానికి ఇది పనికొస్తుంది. కోళ్ల దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం ఒంటి బరువు కిలోకు 2, 3 మిల్లీగ్రాములున్నా గుర్రం గుండెకు చేటు.

మనుషుల ల్యాబ్‌కు పంపుతుంటే

చాలాచోట్ల దిక్కు అదే. తప్పేమీ లేదు, మెషిన్ కొలిచే పద్ధతి ఒకటే. రిపోర్టులో పక్కన అచ్చేసిన హద్దుల్ని మాత్రం కొట్టేయండి. గుర్రానికి ఎస్‌జీఓటీ 200 నుంచి 400 వరకు మామూలే. ఆవుకు 100 దగ్గరున్నా కంగారు లేదు. మనిషి హద్దు 40 కాబట్టి రెండూ ఎర్ర అక్షరాల్లో వస్తాయి.

ఇంకోటి. సీపీకే పక్కన '2,000 పైన' అని గుర్తు పెట్టి వస్తే దాన్ని తుది అంకె అనుకోవద్దు. మెషిన్ కొలవగల పైహద్దు అక్కడితో ఆగింది. ఎంజైమ్ మరీ ఎక్కువైతే కొలత మొదలవకముందే రీజెంట్ అయిపోయి, తప్పుగా తక్కువ అంకె కూడా రావొచ్చు. ఒక వంతు సీరానికి తొమ్మిది వంతుల నార్మల్ సెలైన్ కలిపి మళ్లీ నడిపించి, వచ్చినదాన్ని పదితో గుణించమని టెక్నీషియన్‌కు ఫోన్‌లోనే చెప్పండి. ఆ పని చేయించకపోతే రేపటి రెండో శాంపిల్ కూడా '2,000 పైన' అనే వస్తుంది. 40,000 నుంచి 4,000కు దిగిందో, అక్కడే ఉందో మీకు తెలియదు.